ఎదురింటికి పట్టుకెళ్ళిన మాట

సీరియల్ ఏడున్నరకు. పది నిమిషాల ముందే ఎదురింటి చెల్లె కొంగుకు చేతులు తుడుచుకుంటూ సందు దాటి వచ్చి, మా తలుపు పక్కనున్న ఎత్తు పీట మీద కూర్చునేది. సోఫాలో కూర్చోమంటే వినేది కాదు.

"నా ఒంటినిండ పాల వాసన అక్కా. మీ కోడలు మల్ల కవర్లు ఉతుక్కోవాలె" అనేది.

ఆమె నా తోడబుట్టిన చెల్లెలు కాదు. నేను ఉప్పుగూడకు కోడలిగా వచ్చిన మూడో ఏట ఆమె ఎదురింటికి కోడలిగా వచ్చింది. మాది ఇత్తడి సామాను దుకాణం, వాళ్ళది పాల వ్యాపారం. ఆ ఇంటి వెనక కొట్టంలో ఇప్పటికీ నాలుగు బర్రెలున్నాయి. మొదటి వారంలోనే ఆమె నన్ను అక్కా అంది, ఆమె భర్త వదినె అన్నాడు. ఆ పిలుపులు అలాగే నిలిచిపోయాయి.

ఆమె భర్త, అంటే మరిది, లోపలికి వచ్చేవాడు కాదు. యాకుత్‌పురా హోటళ్ళలో సాయంత్రం పాలు పోసి, ఖాళీ క్యాన్లతో తిరిగొచ్చి, బండి మా గోడకు ఆనించి గడప అవతలే నిలబడి టీవీ చూసేవాడు. చూసేవాడు అనడం సరి కాదు. నేను సీరియల్‌ను ఏమంటానో వినడానికి నిలబడేవాడు.

దుకాణం లెక్కలు ముప్పై ఎనిమిదేళ్ళు నేనే చూశాను. ఆ అలవాటు పోలేదు. సందులో ఎవరికి తిథి కావాలన్నా, వర్జ్యం కావాలన్నా నన్నే అడుగుతారు. అదే కన్నుతో సీరియల్ కూడా చూసేదాన్ని. అందులో కథానాయిక బతుకమ్మ పండుగనాడు నెల తప్పింది. సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది, బోనాలు వచ్చాయి. ఆమెకు ఇంకా ఏడో నెల సీమంతమే జరుగుతోంది. ఆ మాట నేనంటే మరిది గడప అవతలి నుంచి అందుకున్నాడు.

"మా బర్రె గూడ పది నెలలకు ఈనుతది వదినె. ఈమెది ఏం జాతో!"

తేదీలకన్నా మాటలే నాకు ఎక్కువ బాధ. ఇంట్లో నలుగురి మధ్య గొడవ జరిగితే ఎవరైనా 'నా ఆత్మగౌరవం దెబ్బతింది' అంటారా? మా వైపు ఎవరైనా 'నా ఇజ్జత్ తీసినవ్' అంటారు. తోడికోడలి మీద కోపం వస్తే పళ్ళెం విసిరేస్తారు కానీ, పళ్ళెం పట్టుకుని పావుగంట ఉపన్యాసం ఇవ్వరు. అలాంటిచోట నేను టీవీ వైపు చెయ్యి చూపించి సరైన మాట చెప్పేదాన్ని. చెల్లె తొడ మీద చరుచుకుని నవ్వేది. ఇప్పుడు ఆలోచిస్తే, నేను సరిదిద్దినవన్నీ కొట్లాట మాటలే. ఏడుపు దగ్గర మాత్రం 'ఇది తప్పు' అనేదాన్ని, ఒప్పేమిటో చెప్పేదాన్ని కాదు. చెల్లె అడగలేదు కాబట్టి ఆ లోటు నాకు తెలియలేదు.

బోనాల నెలలోనే ఆ దృశ్యం వచ్చింది. సీరియల్లో ఇంటి పెద్ద కొడుకు చనిపోతాడు. అత్తగారు పట్టుచీర మీద పట్టుశాలువా కప్పుకుని వచ్చి, కోడలి గడ్డం పట్టుకుని, కెమెరా మూడుసార్లు ముఖం మీదికి వచ్చాక ఇలా అంది: "వాడు ఎక్కడికీ పోలేదు తల్లీ. నీ నుదుటి కుంకుమలో వెలుగుతూనే ఉన్నాడు."

నేను నోరు తెరిచేలోపే చెల్లె అంది. "మరి పదో దినం బొట్టు తుడుస్తరు గదా. గప్పుడు ఏడ వెలుగుతడట?"

మరిది నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. క్యాన్ల మూతలు చప్పుడయ్యాయి.

"నేను పోయిన్నాడు మా ఆమెకు గిసొంటి మాటలు చెప్పకు వదినె. ఏదన్న మంచిది చూసి పెట్టుకో."

"సందె పూట ఏం మాటలయ్యా!" అని చెల్లె కసిరింది.

"నీకేం తొందర? ముందు ఈమెను కననియ్యి" అని నేను టీవీ వైపు చూపించాను. ముగ్గురం నవ్వాం. దాని తర్వాత ప్రకటనలు వచ్చాయి.

వినాయకుళ్ళ నిమజ్జనం అయిన మూడో రోజు, ఆదివారం తెల్లవారుజామున, మరిది కొట్టంలో పాలు పితుకుతూ పక్కకు ఒరిగిపోయాడు. ఆస్పత్రిదాకా కూడా పోలేదు.

వాకిట్లో అందరితో పాటు నేనూ నిలబడ్డాను. జనం ఎక్కువ. పక్కసందు దర్జీ వాళ్ళ బీబీ బుర్ఖా సర్దుకుంటూ నన్ను దాటి లోపలికి పోయి, చెల్లె భుజాల చుట్టూ చేతులు వేసి, "సబర్ కరో బహెన్, సబర్" అని, ఓర్చుకొమ్మని రెండే మాటలు చెప్పి పక్కన కూర్చుంది. చెల్లె తల ఆమె భుజం మీదికి వాలింది. గడప దగ్గర నుంచి నేను చూశాను. ఆ మాట వాళ్ళ నోళ్ళలో తరతరాలుగా అరిగి నునుపైన మాట. నేనంటే అరువు మాట అవుతుందనిపించింది. నా మాట నాకు దొరకాలి కదా అనుకుని, శవం లేచాక ఇంటికి వచ్చి తలస్నానం చేశాను.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. పదకొండేళ్ళ కింద మా ఆయన పోయినప్పుడు, ఏడుపు విని మొదట వచ్చింది చెల్లె. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. ఆమె తన ఇంట్లోనే పెద్ద గిన్నెనిండా చాయ్ కాచి, రెండు చేతులా పట్టుకుని వచ్చింది. వచ్చినవాళ్ళందరికీ పోసింది. నాకు పోసిన గ్లాసు చల్లారితే తీసుకుపోయి మళ్ళీ వేడిది పోసింది. అలా నాలుగుసార్లు. ఒక్క మాట మాట్లాడలేదు. మిగిలిన వాళ్ళు 'ధైర్యంగా ఉండు' అన్నారు, 'రాత' అన్నారు, 'పుణ్యాత్ముడు, సుఖంగా పోయాడు' అన్నారు. ధైర్యంగా ఉండమన్న ప్రతివాళ్ళనూ లాగి కొట్టాలనిపించింది. అందువల్లే ఆ మాటలేవీ చెల్లె ముందు అనకూడదని గట్టిగా అనుకున్నాను. అలా నాకు తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేశాను. చివరికి ఏమీ మిగలలేదు.

మాట లేనప్పుడు మనిషి ఎలా పోవడం? అక్కడే నా తిథివారాలు నాకు అక్కరకొచ్చాయి.

సోమవారం వాళ్ళు బూడిద ఎత్తడానికి పోయారు. మంగళవారం పరామర్శకు పోకూడదు. బుధవారం నా జన్మ నక్షత్రం. గురువారానికి ఏ అడ్డూ దొరక్కపోతే మోకాలు నొప్పి అన్నాను. శుక్రవారం సరేసరి. శనివారం చావు ఇంటికి పోతే చావు తోడు కోరుతుందంటారు. ఆదివారం చుట్టాలతో ఇల్లు నిండిపోయింది. సందులోని ఆడవాళ్ళంతా ఏ రోజు పోవాలో నన్నే అడిగి, నేను చెప్పిన రోజున పోయి వచ్చారు. నేను మాత్రం పోలేదు.

సాయంత్రాలు కోడలు మామూలుగానే టీవీ పెట్టేది. నాకు చెవి కొంచెం మందం కాబట్టి చప్పుడు ఎక్కువే. పీట ఖాళీగా ఉండేది. నేను తెర వైపు చూస్తూ కూర్చునేదాన్ని కానీ, లోపల మాట వెతుక్కుంటూనే ఉండేదాన్ని. ఒకరోజు కోడలు టీవీ గొంతు తగ్గించి అడిగింది.

"అత్తమ్మా, ఎదురింటికి ఎప్పుడు పోతరు? చిన్నత్తమ్మ ఏమనుకుంటదో."

"పోత. పోయి ఏమనాలె?"

"ఏమనేదేముంది? పోయి కూసుంటే సరిపోతది."

ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంట్లో కూరలో ఉప్పు సంగతి కూడా నన్ను అడిగి చేసే పిల్ల ఆ మాట అంటే, నాకు చిన్నతనంగా తోచింది.

తొమ్మిదో రోజు సోమవారం. మరునాడే పదో దినం. అది దాటితే ఇక పోయినా పోనట్టే లెక్క. పొద్దున పది గంటలకు సందు దాటాను. మా గడప నుంచి వాళ్ళ గడపకు నాలుగు బారలు ఉంటుందేమో.

లోపల చాప మీద పదిమంది ఆడవాళ్ళున్నారు. చెల్లె గోడకు ఆనుకుని కూర్చుంది. మరునాడు తీసేస్తారు కాబట్టి, ఆ రోజు ఆమెకు రూపాయంత బొట్టు పెట్టారు, చేతుల నిండా గాజులు వేశారు, తలలో పూలు పెట్టారు. అంత అలంకారం ఆమె పెళ్ళినాడు చూశానంతే. పక్కన ఆమె ఆడబిడ్డ, యాకుత్‌పురాలో ఉంటుంది, నన్ను చూసి జరిగి చోటిచ్చింది. నేను కూర్చున్నాను. అందరూ మాట్లాడడం ఆపారు. సందులో తిథులు చెప్పే పెద్దదాన్ని కదా, నేనేదో చెబుతానని చూశారు. చెల్లె కూడా తలెత్తి చూసింది. ఆ చూపులో ఏమీ అడగడం లేదు. ఊరికే చూసింది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది.

"మరిది ఎక్కడికీ పోలేదు చెల్లె" అన్నాను. "నీ నుదుటి కుంకుమలోనే ఉన్నడు. వెలుగుతనే ఉన్నడు."

అన్న తర్వాత ఆ మాట నా చెవిలో పడింది. ఎక్కడిదో కూడా అప్పుడే గుర్తొచ్చింది. పట్టుశాలువా గుర్తొచ్చింది. క్యాన్ల మూతల చప్పుడు గుర్తొచ్చింది.

చెల్లె నా కళ్ళలోకి చూసింది. ఆమెకు తెలిసిపోయింది. ఆమె పెదవి కదిలినట్టయింది, కానీ ఆలోపే ఆడబిడ్డ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఎంత మంచి మాట జెప్పినవ్ వదినె! సదువుకున్నోళ్ళు సదువుకున్నోళ్ళే."

చాప మీద ఉన్న వాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. ఆడబిడ్డ ఆ మాట పట్టుకునే రాగం తీసి ఏడుపు ఎత్తుకుంది. "ఓ నా తమ్ముడా, బొట్టుల ఉన్నవా తమ్ముడా, ఎలుగుతనే ఉన్నవా నా తమ్ముడా" అని ఆమె ఏడుస్తుంటే మిగిలిన వాళ్ళు అందుకున్నారు. చెల్లె తల వంచుకుంది. నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. విసురుగా కాదు, కొంగు సర్దుకోవడానికన్నట్టు తీసుకుంది.

చావు ఇంటి నుంచి లేచేటప్పుడు 'పోయొస్త' అనకూడదు. చెప్పకుండా లేచి రావాలి. ఆ ఆచారం ఎవరు పెట్టారో కానీ, ఆ రోజు నా వంటి దాని కోసమే పెట్టారనిపించింది. చప్పుడు చేయకుండా లేచి వచ్చాను. నా వెనక ఆ ఏడుపు సందులోకి వినిపిస్తూనే ఉంది.

మరునాడు పదో దినం. తెల్లవారకముందే చెల్లెను బావి దగ్గరికి తీసుకుపోయారు. మా మేడ మీద నుంచి చూస్తే కనిపిస్తుంది. నేను మేడ ఎక్కలేదు.

ఆ రోజు నుంచి ఏడున్నరకు టీవీ పెట్టవద్దని కోడలికి చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. ఇల్లంతా బోసిగా ఉండేది. అజాన్ వినిపించేది, ఆ తర్వాత స్టేషన్ వైపు నుంచి రైలు చప్పుడు, ఆ తర్వాత ఎదురింటి కొట్టంలో బర్రెల గంటలు. బతుకమ్మ పండుగ వచ్చింది. ప్రతి ఏడూ సందు మధ్యలో చెల్లె, నేను పక్కపక్కన తిరిగేవాళ్ళం. ఈసారి ఆమె బయటికి రాలేదు, రాకూడదు కూడా. నేనూ పోలేదు. మోకాలు నొప్పి అన్నాను. ఒకసారి వాడిన అబద్ధం మళ్ళీ వాడడం ఎంత తేలికో!

ఆ రోజుల్లో చెల్లెకు చెప్పాల్సిన మాట ఇంకోటి వెతకడం మొదలుపెట్టాను. ఈసారి క్షమాపణకు. 'తప్పయింది' అనుకుంటే చిన్నదనిపించింది. 'నా నోరు పడిపోను' అంటే అదీ సీరియల్ మాటే. రాసి చూసుకున్నా బాగాలేదు. సరైన మాట దొరికాకే పోదామనుకున్నాను. చేసిన తప్పే మళ్ళీ చేస్తున్నానని నాకు తోచనే లేదు.

నెల మాసికానికి వాళ్ళ కొడుకు వచ్చి పిలిచాడు. పోయినవాళ్ళ కోసం నెలకు చేసే భోజనాలు. "పెద్దమ్మా, సోమారం వస్తది, నువ్వు జెప్పిన తిథే. అమ్మ తప్పకుండ రమ్మన్నది." రమ్మన్నది అమ్మేనా అని రెట్టించి అడగబోయి మానేశాను.

భోజనాలయ్యాక ఆడవాళ్ళు పదిమందీ మళ్ళీ అదే చాప మీద కూర్చున్నారు. చెల్లె అదే గోడకు ఆనుకుంది. నుదురు బోసిగా ఉంది. ఆ నుదురు వైపు చూడలేక నేను కిటికీ చూస్తున్నాను. కొత్తగా వచ్చిన చుట్టం ఒకామె కళ్ళొత్తుకుంటుంటే ఆడబిడ్డ ఆమెను సముదాయిస్తోంది.

"ఏడువకు. మా తమ్ముడు ఎక్కడికి పోలేదు. మా వదినె అన్నది, అగో ఆమెనే, కుంకుమల ఎలుగుతుండని. ఆ మాట నేను మా దిక్కు అందరికి చెప్పిన."

ఆ మాట సందు దాటి యాకుత్‌పురాదాకా పోయిందన్నమాట, నా పేరు మీద. అదీ కుంకుమ లేని చెల్లె ముందే అంటోంది. అందరూ నా వైపు తిరిగారు.

"అది నా మాట గాదు" అన్నాను.

"అట్లంటరేంది వదినె! నా చెవులార ఇన్న."

"నేను అన్నది నిజమే. కని అది సీరియల్ల మాట. ఏడున్నరకు వస్తది చూడు, అండ్ల అత్త అంటది. నేను, చెల్లె, మరిది ముగ్గురం కలిసి ఆ మాటకు నవ్వినం. నాకు ఏమనాల్నో తెల్వక అదే అన్న."

ఆడబిడ్డ ముఖం చిన్నబోయింది. ఇంతలో మూలన కూర్చున్న ముసలామె ఒకతె, "గా సీరియల్ల గింత మంచి మాట గూడ ఉన్నదా? నేను దినాం చూస్త, నాకు ఇనపడనే లేదు" అంది. చెల్లె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో తెలియదు. అడిగే ముఖం నాకు లేదు.

అందరూ ఒక్కొక్కరే లేచిపోయారు. ఆడబిడ్డ నాకు చెప్పకుండానే పోయింది. అది ఆచారం వల్లో, కోపం వల్లో. నేను లేవబోతే చెల్లె, "కూసో" అంది.

కూర్చున్నాను.

"ఆ మాటకు నాకేం గాలేదు అక్కా" అంది. "గంత మంది లేకపోతే నేనే నవ్వుదును. ఆయన ఉంటే గా గోడకు తల కొట్టుకొని నవ్వుతుండె."

"మరి..."

"తొమ్మిది దినాలు ఏడున్నరకు మీ టీవీ మోగింది. ఆయన దీపం గీ కిటికీ కిందనే పెట్టినం. పాట మొదటి నుంచి ఆఖరిదాక ఇనొచ్చింది. నేను లేకుంట అక్క ఎట్ల చూస్తున్నదో, నా పీట మీద ఎవరన్న కూసున్నరో ఏమో అనుకున్న."

ఇన్నాళ్ళూ మాట తప్పిందని సిగ్గుపడ్డాను. ఆ మాట ఆమెకు ఒక లెక్కే కాదు. వాళ్ళ కిటికీకి, మా కిటికీకి మధ్య నాలుగు బారల దూరం. నేను సరైన మాట వెతుక్కుంటూ కూర్చున్న ప్రతి సాయంత్రమూ నా ఇంటి చప్పుడు పోయి ఆమె దీపం ముందు కూర్చుంది. ఎవరి మాటలోనైనా తప్పు పట్టగలదాన్ని. ఆమె అన్నదాంట్లో సరిదిద్దడానికి ఏమీ లేదు.

"పీట మీద ఎవరూ కూసోలేదు" అన్నాను.

ఆమె కొంగు సర్దుకుని అడిగింది. "ఆమె కన్నదా?"

ఎవరో నాకు వెంటనే తెలియలేదు. "తెల్వదు. నీ దగ్గరికి వచ్చిపోయిన తెల్లారి సంది చూస్తలేను."

"చూడాలె మరి. ఏడాది దాటుతున్నది."

పొద్దు వాలింది. లేచి నిలబడ్డాను. పోయొస్తా అనవచ్చో, ఇది ఇంకా చావు ఇంటి కిందే లెక్కో, తిథులన్నీ తెలిసిన నాకు తెలియలేదు.

"రేపు వస్త" అన్నాను.

"రేపు మంగళారం గదక్కా. నీ లెక్కల పడతదా?"

ఆమె నవ్వుతూ అనలేదు. కోపంగానూ అనలేదు. గడప దాటుతుంటే వెనక నుంచి మళ్ళీ అంది. "వస్తే ఆ పీట పట్కరా. నువ్వు చాప మీద కూసుంటే లేస్తలేవు."

మంగళవారం ఏడూ ఇరవైకి, ఎత్తు పీట చంకన పెట్టుకుని సందు దాటాను. అంగడి దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు ఆగి చూశారు. నా చేత తిథులు చెప్పించుకుని పరామర్శలకు పోయినవాళ్ళే వాళ్ళంతా.

"ఏంది పెద్దమ్మా, మంగళారం పూట గా ఇంటికా? గా పీట ఏంది?" అని ఒకామె అడిగింది.

పీట ఇంకో చంకకు మార్చుకుని లోపలికి పోయాను.